ముందు లప్పం, తర్వాతే రంగు

మా నాన్నగారి అంబాసిడర్ కారుకి నేను చేయించిన మొట్టమొదటి అలంకారం సీటు కవర్లు. మీగడరంగు గుడ్డ, అంచుకి కాఫీరంగు పైపింగు. తొడిగించి ఇంటికి తెచ్చిన రోజున మావారు కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "పెళ్ళికూతురికి పట్టుచీర కట్టేశాక తలంటి పోస్తారా ఎక్కడైనా?" అన్నారు. ఆయన ఎత్తిపొడుపులు నాకు కొత్తేమీ కాదు. నవ్వి ఊరుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను.

ఆ తర్వాత జరిగిన వరస వినండి. సీట్లయ్యాక డోర్ల కింద తుప్పు బయటపడింది. వెల్డింగు చేయించాం. నిప్పురవ్వలు పడి వెనకసీటు అట్టులా చిల్లులు పడింది. సరే, ఎలాగూ రంగు వేయించాలి కదా అని ఓ షెడ్డుకి పంపాను. శ్రావణమాసం. బయట ముసురు. "వానలు తగ్గనివ్వండమ్మా" అని వాళ్ళలో ఓ కుర్రాడు అననే అన్నాడు. వరలక్ష్మీవ్రతం నాటికి కారు గుమ్మంలో ఉండాలని తొందరపెట్టింది నేనే. వాళ్ళూ తుప్పు మీదే ఇంత మందాన లప్పం మెత్తి, దాని మీద తళతళలాడే తెల్లరంగు కొట్టి పంపేశారు. సంక్రాంతి నాటికి కారుకి ఆటలమ్మ పోసినట్టు ఒళ్ళంతా బొబ్బలు!

ఖర్చయింది ఒక సీరియల్‌కి వచ్చిన డబ్బు. అదీ పోతే పోయింది. అమ్మ వరండాలో నించుని ఆ బొబ్బల్లో ఒకదాన్ని వేలితో నొక్కి చూసి, "మీ నాన్న బండిని మీరెవరూ ముట్టుకోకపోయినా బాగుండేది" అంది. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ మాట నాకు చాలారోజులు గుచ్చుకుంటూనే ఉంది.

బి.ఏ.లో హిస్టరీ చదివినదాన్ని కనక, ఏ తప్పు చేసినా ఇంతకుముందు ఇదే తప్పు ఎవరెవరు చేశారో వెతుక్కోవడం నాకో అలవాటు. కారుకి రంగు, సీటు, మెరుగు, వీటిల్లో ఏది ముందు, ఏది వెనక, ఏది దేంతో చెయ్యాలి అన్నది మనుషులు ఎప్పటినించి ఎలా తేల్చుకుంటూ వచ్చారో చదవడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక, మా కారు సంగతి కాసేపు మర్చిపోయానంటే నమ్మండి.

కార్లు కొత్తగా పుట్టిన రోజుల్లో వాటికి రంగు వేసినవాళ్ళు గుర్రబ్బగ్గీలకి రంగు వేసేవాళ్ళే. పద్ధతీ అదే. ముందు నూనెలో కలిపిన సీసపు తెలుపు పూత. దాని మీద గరుకు మెత్తు. ఆరాక, మనం మడమలు రుద్దుకుంటామే, ఆ నురగరాయి లాంటి దాంతో నీళ్ళు పోస్తూ రుద్దడం. మళ్ళీ పూత, మళ్ళీ రుద్దుడు. అప్పటికిగాని అసలు రంగు జోలికి పోరు. రంగు మీద వార్నిష్ పొరలు. ఒక్కో పొరా ఆరేదాకా గది మూసి, దుమ్ము లేవకుండా నేల తడిపి, కాపలా కాసినట్టు కూర్చునేవారు. మొత్తం పని పూర్తయ్యేసరికి వారాలకి వారాలు పట్టేది. ఈ నేల తడపడం మాత్రం మన ఆటోనగర్ షెడ్లలో ఇవాళ్టికీ చూస్తున్నాను.

చదువుతూంటే నాకు ఇంగ్లండు కాదు, మా బెజవాడ పక్కనున్న కొండపల్లి గుర్తొచ్చింది. కొండపల్లి బొమ్మకి ముందు తెల్లపొణికి చెక్కని చెక్కుతారు. చింతగింజల పిండీ, రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతుకులు పూడుస్తారు. ఆ మీద సున్నం పూత. ఆరాకే రంగు. దశావతారాలైనా, ఏనుగు అంబారీ అయినా వరస అంతే. లండన్ బగ్గీ మేస్త్రీ, మన కొండపల్లి కళాకారుడూ ఒకరినొకరు ఎరగరు. అయినా ఇద్దరూ రంగుని చివరికే దాచుకున్నారు. నేనొక్కదాన్నే సీటు కవర్లతో మొదలుపెట్టాను!

ఆ బగ్గీల కాలం నాటి పనితనం కళ్ళారా చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. అక్కడ పసుపురంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. ఆయన 1911 ఆగస్టులో కాలం చేశారు. కారు ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ పాలనలో వచ్చింది. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ వాళ్ళు ఇంజనూ, చట్రమూ మాత్రమే చేసి ఇచ్చేవారు. పైన కనపడే ఒళ్ళంతా కట్టడం బాడీ కట్టే కంపెనీల పని. ఈ కారుకి బార్కర్ అనే కంపెనీ కట్టింది. వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. దాన్నే సింహాసనం కారు అంటారు. పసుపు ఆసఫ్‌జాహీల జెండా రంగు. అంటే రంగూ, సీటూ రెండూ ముందే మనసులో నిర్ణయమైపోయాయన్నమాట. నిర్ణయం ముందు, పని వెనక. నేను తిరగేసింది ఈ రెంటినీ.

సీట్లంటే ఇంకో తమాషా. పాతకాలపు పెద్దింటి కార్లలో తోలుసీటు డ్రైవరుకి, గుడ్డసీటు యజమానికి! తోలు గొప్పది, గుడ్డ తక్కువది అని మనం అనుకుంటాం. అప్పట్లో డ్రైవరు కూర్చునే చోట పైకప్పు సరిగ్గా ఉండేది కాదు. ఎండా వానా తట్టుకోవడానికి తోలు. వెనక అద్దాల గదిలో కూర్చునే దొరసానికి మెత్తటి ఉన్నిగుడ్డ. మీగడరంగు గుడ్డ కుట్టించి నేను దొరసానినే అయ్యాను గాని, పైకప్పు కారుతోందన్న సంగతి మర్చిపోయాను.

ఇక ఫోర్డు. 1908లో ఆయన మోడల్ టి కారు తెచ్చినప్పుడు అది రెండు మూడు రంగుల్లో దొరికేది. 1913లో ఫ్యాక్టరీలో కారు తానే మనిషి దగ్గరికి నడిచొచ్చే వరస ఏర్పాటైంది. గంటగంటకీ కార్లు పుట్టుకొస్తూంటే వారాల కొద్దీ ఆరే రంగుతో ఎలా వేగడం? 1914 నించి 1925 దాకా అన్నీ నల్లకార్లే. ఏ రంగు కావాలన్నా నలుపే ఇస్తానన్న అర్థంలో ఆయన అన్నట్టు ఓ మాట లోకమంతా చెప్పుకుంటుంది. ఆ నలుపు చవక, గట్టిది, పొయ్యిలాంటి గదిలో కాల్చి ఆరబెట్టచ్చు. ఆ వేగానికి రంగుల ముచ్చట బలైపోయింది. అదే రోజుల్లో ఇత్తడి కూడా పోయింది. మొదటి కార్లకి దీపాలూ, రేడియేటరు చుట్టూ ఇత్తడే. తళతళా మెరిసేది. కాని వారం వారం తోమాలి కదా? చింతపండుతో బిందెలు తోమిన ఏ ఆడదాన్ని అడిగినా ఇత్తడి ఎందుకు పోయిందో ఒక్క ముక్కలో చెబుతుంది.

ఇంతకీ ఆ నలుపు నించి కార్లని బయటపడేసింది ఏమిటనుకున్నారు? మన పత్తి!

ఈ కథ కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. స్విట్జర్లాండులో బాసెల్ అనే ఊళ్ళో షోన్‌బైన్ అని ఒక రసాయన శాస్త్ర ప్రొఫెసరుగారు. 1840ల సంగతి. వంటింట్లో ప్రయోగాలు చెయ్యొద్దని భార్య ఆయనకి గట్టిగా చెప్పిందట. ఆవిడ ఇంట్లో లేనప్పుడు ఈయన చేశాడట. యాసిడ్లు ఒలికాయి. కంగారులో చేతికందిన ఆవిడ నూలు ఏప్రన్‌తో తుడిచి, జాడ తెలియకుండా ఉండాలని పొయ్యి మీద ఆరేశాడట. ఆరీ ఆరగానే భగ్గుమని మండి మాయమైపోయిందట ఏప్రన్! ఈ ఏప్రన్ కథలో నిజం పాలెంతో గాని, పత్తిని నైట్రిక్ యాసిడ్‌తో గన్‌కాటన్‌గా మార్చచ్చని 1846లో లోకానికి చెప్పినది మాత్రం ఆయనే. ఆ తర్వాత ఏప్రన్ గురించి ఆవిడకి ఏం సంజాయిషీ చెప్పుకున్నాడో చరిత్రలో లేదు. చరిత్రలో వంటింటి సంగతులు ఎప్పుడూ సగమే ఉంటాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఈ గన్‌కాటన్ గుట్టలు గుట్టలుగా చేశారు. 1918లో యుద్ధం ఆగింది. ఫ్యాక్టరీలు మిగిలిపోయాయి. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ వాళ్ళు ఆ పత్తి సరుకునే ద్రావకాల్లో కరిగించి, పల్చగా, పిచికారీ చెయ్యడానికి వీలుగా ఒక రంగు తయారుచేశారు. పేరు డ్యూకో. వారాలు కాదు, గంటల్లో ఆరేది. 1923లో, మరుసటి ఏటి మోడలుగా అమ్మిన ఓక్లాండ్ అనే కారుకి దాన్ని వేశారు. ఆ రంగు నీలం. దానికి 'ట్రూ బ్లూ' అని పేరు పెట్టారు. ఇక చూడండి, దుకాణాల ముందు రంగురంగుల కార్లు. 1926 నాటికి ఫోర్డు కూడా మళ్ళీ రంగులు తేక తప్పలేదు. మరుసటి ఏడే జనరల్ మోటార్స్ వాళ్ళు హార్లీ ఎర్ల్ అనే ఆయన్ని పెట్టుకుని, కార్ల అందం కోసమే ఒక విభాగం తెరిచారు. అంతకుముందు ఆయన హాలీవుడ్‌లో సినిమావాళ్ళ కార్లకి సింగారాలు చేసినవాడు.

మా షెడ్ల వాళ్ళు ఎన్.సి. పెయింటు అనేది ఈ పత్తిరంగునే. ఇది మా అమ్మాయికి చెబుతూ ఆ పిల్ల చేతిలో ఉన్న సీసా వెనక ఏం రాసుందో చదవమన్నాను. గోళ్ళరంగు సీసా! నైట్రోసెల్యులోజ్ అనే పేరు అందులోనూ ఉంది. గోళ్ళకి వేసుకునే మెరుపురంగూ, కారు రంగూ ఒక తల్లి పిల్లలే. రెవ్లాన్ కంపెనీ 1932లో పుట్టింది ఈ గోళ్ళరంగుతోనే. "అందుకే అమ్మా ముందు బేస్ కోటు, తర్వాత కలర్, చివర టాప్ కోటు" అంది మా అమ్మాయి. గోరంత దాని మీద నా కూతురికి తెలిసిన వరస కారంత దాని మీద నాకు తెలియలేదు.

అక్కడితో అయిపోలేదు. నిర్మల్ బొమ్మలకీ, చిత్రాలకీ వాడుతున్నది ఈ డ్యూకో రంగులే. తొలినాటి సినిమా రీళ్ళు కూడా ఇదే సరుకు. అందుకే అన్ని సినిమాలు మంటల్లో పోయాయి. మనం నోరారా రెక్సిన్ అంటామే, అది ఒక ఇంగ్లీషు కంపెనీ పెట్టిన పేరు. అప్పట్లో గుడ్డ మీద ఈ పత్తి పూతే పూసి తోలులా కనిపించేట్టు చేసేవారు. ఇప్పుడు బజార్లో రెక్సిన్ పేరుతో దొరికేది ప్లాస్టిక్ పూత గుడ్డ. కారు లోపలా బయటా, ఎక్కిన ఆడదాని గోళ్ళ మీదా, ఆవిడ వెళ్ళే సినిమాలోనూ అంతటా పత్తే అయిన కాలం ఒకటుండేది. గుంటూరు మిర్చి గురించి పుస్తకాలు రాశారుగాని, పత్తి చేసిన ఈ గారడీ గురించి ఎవరైనా ఒక నవల రాయకూడదూ?

ఆడవాళ్ళ మాట వచ్చింది కనక ఒకావిడ గురించి చెప్పాలి. హెలెన్ రోథర్. జర్మనీలో పుట్టి, పారిస్‌లో నగలకి డిజైన్లు గీసుకునేది. హిట్లర్ సైన్యాల నించి తప్పించుకుని చిన్నపిల్లని వెంటబెట్టుకుని అమెరికా చేరింది. 1943లో జనరల్ మోటార్స్‌లో ఉద్యోగం. కార్ల లోపలి గుడ్డలు, రంగులు, దీపాలు, తలుపుల పిడులు చూసే పని. తర్వాత తనే సొంత స్టూడియో పెట్టుకుని నాష్ కార్లకి లోపలి అందాలు దిద్దింది. 1950లలో జనరల్ మోటార్స్ మరికొందరు స్త్రీలని చేర్చుకుంది. వాళ్ళకీ ఎక్కువగా లోపలి పనే. ఇనుము వంచే చోట మగవాళ్ళు, గుడ్డ ఎంచే చోట ఆడవాళ్ళు. మా ఇంట్లోనూ అంతే కదా, "నీకు నచ్చిన సీటు కవర్లు కుట్టించుకో, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు మావాళ్ళు. మిగతాది ఎవరూ చూసుకోలేదు. ఈసారి ఇనుము దగ్గర కూడా నేనే నించోవాలని నిశ్చయించుకున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రిగారిని వెతికి పట్టుకున్నాం. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. బొబ్బలెక్కిన కారుని చూసి ఎవరినీ తిట్టలేదు. గోరుతో లప్పం గీకి, "అమ్మా, తుప్పుని కప్పితే లోపల తింటానే ఉంటది. లప్పం నీళ్ళు తాగుద్ది" అన్నాడు. తర్వాత వరస చెప్పాడు. అద్దాలు, బీడింగులు, బంపర్లు, డోరు ప్యాడ్లు, సీట్లు ముందు ఊడదీయాలి. ఆపైన టింకరింగు, వెల్డింగు. తుప్పంతా గీకి ఇనుము కనపడ్డాక ప్రైమరు. అప్పుడు పల్చగా లప్పం, వాటర్ పేపరు. మళ్ళీ ఒక పూత, మళ్ళీ వాటర్ పేపరు. ఆ తర్వాత రంగు. రంగు ఆరాక కొత్త బీడింగు, బంపర్లు, పైకప్పు లైనింగు. "సీట్లు ఆఖర్న. కార్లో మీరు కూర్చోబోయే ముందు రోజన్నమాట" అని నవ్వాడు. వానల్లో రంగు వెయ్యనన్నాడు. గాల్లో తేమ ఉంటే ఎన్.సి. రంగు మీద తెల్లటి పొగలా కమ్ముతుందట. ఇప్పుడందరూ వేయిస్తున్న పి.యు. రంగు వేద్దామన్నాడు, ఎండకి నిలుస్తుందని. అయినా మాఘమాసం దాకా ఆగమన్నాడు. ఆగాను.

బంపర్ల క్రోమియం మాట అడిగితే, ముందు రాగి, తర్వాత నికెలు, ఆ పైన క్రోమియం అన్నాడు. చదివి చూస్తే నిజమే. పైనున్న క్రోమియం పొర మన తలవెంట్రుక మందంలో నూరోవంతు కూడా ఉండదు. కిందున్న నికెలు నున్నగా లేకపోతే పైది మెరవదు. డబ్బు సరిపోదు కనక ముందు బంపరుకి మాత్రం ప్లేటింగు, వెనకదానికి పాలిషు అని తేల్చుకున్నాం. తోలు సీట్ల ఆలోచన మొదటి లెక్కలోనే ఎగిరిపోయింది.

మాఘమాసంలో పని మొదలైంది. నేను రోజూ వెళ్ళి ఓ స్టూలు మీద కూర్చునేదాన్ని. మూడోరోజున వాటర్ పేపరుతో రుద్దుతూంటే మడ్‌గార్డు మీద చెట్టుమాను వలయాల్లా రంగులు బయటపడ్డాయి. నేను వేయించిన తెలుపు, దాని కింద పాత తెలుపు, దాని కింద లేతనీలం. డోరు ప్యాడ్ ఊడదీశాక లోపలంతా ఆ నీలమే, నిన్న కొన్నట్టు. 1984లో నాన్నగారు ఈ కారు కొన్నప్పటి రంగది. నా చిన్నతనమంతా మాది నీలం కారు. 1997లో నేను గుంటూరు హాస్టల్లో ఉండగా దాన్ని తెల్లగా మార్చేశారు. సెలవలకి వచ్చి చూసి, "ఏం నాన్నా, కలెక్టరుగారు అవుదామనా? ఎర్రబుగ్గ ఒక్కటే తక్కువ" అని వెక్కిరించాను. "తెలుపైతే ఎండకి చల్లగా ఉంటుందమ్మా" అన్నారాయన నవ్వుతూ. నేను ఆ మాటే నమ్మాను.

ఆ రోజు అమ్మని కూడా షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆ నీలం మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకుంది. తర్వాత మామూలుగా చెప్పింది. ఆ ఏడు తమ్ముడికి ఇంజనీరింగు ఫీజు, నాకు హాస్టలు. ఒక ఆఫీసువాళ్ళు కారు నెలవారీ అద్దెకి తీసుకుంటామన్నారు, కాని తెల్లకారే కావాలన్నారు. మూడేళ్ళు తిప్పారట. మేం సెలవలకి వచ్చినప్పుడల్లా "రిపేరుకెళ్ళింది" అని చెప్పేవారు. నాన్నగారు సైకిలు మీద బజారుకెళ్ళడం నేను చూడకపోలేదు. ఒంటికి మంచిదని అన్నారు, అదీ నమ్మాను.

"అయితే తెలుపే వేయిద్దామమ్మా" అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు.

అమ్మ నావైపు విచిత్రంగా చూసింది. "తెలుపెందుకు? ఆయనకి తెలుపు ఎప్పుడూ నచ్చలేదు. నీలం వేయించు" అంది.

ఆర్.సి. పుస్తకంలో రంగు తెలుపని ఉంది. రంగు మారిస్తే రవాణా ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి. ఆ తిరుగుడు మావారి మీద పెట్టాను. పట్టుచీర మాట అన్నందుకు ఆ మాత్రం తిరగాలి. ఇక అసలు చిక్కు నీలంది. ఏ కంపెనీ పుస్తకంలోనూ సరిగ్గా ఆ నీలం లేదు. మేస్త్రిగారు డోరు లోపలి నించి, ఎండ తగలని చోట అరచేయంత మేర తుడిచి, దాన్ని చూస్తూ రంగు కలపడం మొదలుపెట్టాడు. తెలుపులో నీలం, చిటికెడు నలుపు. ఓ రేకుముక్క మీద కొట్టి, ఆరబెట్టి, పక్కన పెట్టి చూడడం. నాలుగు రేకులైనాయి. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఒక్కోదాన్నీ ఆ తలుపు దగ్గర పట్టి చూస్తోంది, చీరకి జాకెట్టుగుడ్డ పోల్చుకున్నట్టు.

"ఇది కాదు మేస్త్రిగారూ. ఇంకొంచెం తెలుపు పడాలి" అంది.

ఆయన డబ్బా మూత మళ్ళీ తీశాడు. సీటు కవర్ల మాట మాలో ఇంకా ఎవరం ఎత్తలేదు.